కుడికాలి బూటు

బడి వదిలారు. కొత్తగా చేరిన మనవణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చిన నానమ్మ, వరండాలోనే వాడి టీచరు మీద విరుచుకుపడింది.

"మావాడు వందదాకా అంకెలు గడగడా చెప్తాడు. వాడు వెనకబడ్డాడని కబురు పంపుతావా అమ్మాయ్?"

"వెనకబడ్డాడనలేదండీ. తన పనులు తను చేసుకోవడం ఇంకా రాలేదన్నాను. ఈ వయసులో నేర్వాల్సిన వాటిలో అదీ ఒకటి."

"బూట్లు తొడుక్కోవడం కూడా ఓ చదువేనా?"

"ఆటలకి అందరూ పరిగెడతారు. వీడొక్కడే కాళ్ళు చాపుకుని కూర్చుంటాడు, ఎవరో వచ్చి తొడుగుతారని."

"తొడిగితే నీ సొమ్మేం పోయింది?"

"గదినిండా పిల్లలున్నారండీ నాకు!"

"నామీద గొంతు లేపకు!"

"సరే, లేపను. ఒక్కసారి కిందికి చూడండి. మీ చేతులేం చేస్తున్నాయి?"

తిడుతూనే నానమ్మ అప్పటికే మెట్టు మీద కూర్చున్న మనవడి ముందు చతికిలబడి ఉంది. ఎడమ బూటు తొడిగేసింది. కుడిది ఆమె చేతిలో ఉంది.

పిల్లాడు దాన్ని లాక్కుని, మూతి బిగించి, కాలు దూర్చాడు.

"అయ్యో, మడమ దగ్గర నలిగిపోయింది! ఇటివ్వు, నేను..."

"ముట్టుకోకు నానమ్మా!"

నానమ్మ గిర్రున టీచరు వైపు తిరిగింది.

"చూశావా? నామీదే అరవడం నేర్పావు వీడికి!"

"అరవడం మీ దగ్గరే నేర్చాడండీ. బూటు మాత్రం ఎవరూ నేర్పకుండానే తొడుక్కున్నాడు."