మంచు పలుకుల బీరు

కళ్లు మూసుకుంటే లేచి వెళ్లిపోతాననుకుంటున్నావా? పోను. నిద్ర నటించడం నీకు చిన్నప్పుడూ చేతకాలేదు, ఇప్పుడూ చేతకాదు. ఆ రెప్పలు చూడు, ఎలా కొట్టుకుంటున్నాయో!

మాట్లాడకు. నర్సమ్మ చెప్పింది, దవడకి తీగలు చుట్టారట, కదిపితే మళ్లీ ఊడుతుందట. సరే, కదపకు. పుట్టిన దగ్గర్నుంచీ నువ్వు వాగుతుంటే నేను విన్నాను. ఇవాళ నేను వాగుతాను, నువ్వు విను డార్సీ.

నొప్పిగా ఉందా? ఉండాలి. ఉండాలనే కొట్టాను. ఆ పొడుగు పిడి పార ఎవరు కొన్నార్రా? నువ్వే. బండి ఇసుకలో దిగబడితే తవ్వుకోవడానికి అని తెచ్చి, "అక్కా, దీని దెబ్బకి రాయైనా చీలుతుంది" అని మురిసిపోయావు. రాయి సంగతి నాకు తెలీదు. నీ పళ్లు మాత్రం ఎర్ర ఇసుకలో రాలాయి. నేను చూశాను. చూసి ఒక్క క్షణం, దేవుడు క్షమించాలి, చల్లగా అనిపించింది.

నీ పెళ్లాం షోనా బయట బల్ల మీద కూర్చుంది. నన్ను చూసి మొహం తిప్పేసుకుంది. పోలీసాయనకి కబురు పెట్టిందట, మధ్యాహ్నం వస్తాడట. "కట్టుకున్నవాణ్ణి చంపబోయింది ఆడబిడ్డ" అని చెప్తుందట. చెప్పనీ! అందులో అబద్ధం ఏముంది?

నువ్వు నా తమ్ముడివి కాకపోయి ఉంటే అక్కడే ఇసుక దిబ్బ కింద పాతిపెట్టి వచ్చేదాన్ని.

ఎన్నిసార్లు చెప్పాన్రా నీకు! ఎడారికి బయల్దేరే ముందు మా ఇంటి దగ్గర బండి వెనక తలుపు తెరిచి, ఫ్రిజ్ పట్టాల మీద బయటికి లాగి చూపించానా లేదా? అడుగు బుట్టలో నా బిడ్డ ఇమ్మీ షుగరుకి వేసే ఇన్సులిన్. దాని మీద గుడ్లు, లెట్యూస్ ఆకు. పైన మాంసం, నీ బీరు డబ్బాలు. "నాలుగు డిగ్రీల దగ్గర పెట్టాను, ఎవడైనా ఆ మీట ముట్టుకుంటే చెయ్యి నరుకుతా" అన్నాను. నువ్వు సెల్యూట్ కొట్టి "చిత్తం మేడం" అన్నావు. నా కూతురు పడీ పడీ నవ్వింది.

చెయ్యి నరుకుతానన్న మాట జోకనుకున్నావు కాబోలు.

నీకు తెలీదా? ఆ మందు ఎండకి పాడవుతుంది, గడ్డ కడితే అంతకంటే పాడవుతుంది. మళ్లీ కరిగితే చూడ్డానికి తేటగా మంచినీళ్లలా ఉంటుంది, లోపల సత్తువ మాత్రం ఉండదు. చిన్నప్పుడు ఇమ్మీకి నువ్వూ సూది వేశావు కదరా! వాళ్ల నాన్న పోయాక దాన్ని బడికి దింపింది నువ్వు. బండి నేర్పింది నువ్వు. ఇసుకలో టైర్ల గాలి ఎంత తీయాలో నేర్పింది నువ్వు. దాని మందు పాడు చేసింది కూడా నువ్వేనా?

ఎందుకూ అంటే... ఆచారమట!

ఎడారి దాటేవాడు పెద్ద దిబ్బ ఎక్కిన పూట బండి టాపు మీద కూర్చుని మొదటి డబ్బా తెరవాలి. తాత తెరిచాడు, నాన్న తెరిచాడు. ఊరికే చల్లగా ఉంటే సరిపోదు మన మహారాజులకి! డబ్బాలో మంచు పలుకులు తేలాలి. పలుకు తేలకపోతే అది బీరు కాదు, గుర్రం ఉచ్చ. ఇదీ మన వంశం నేర్చుకున్న చదువు.

అందుకని ఆ పొద్దున నేను గుడారం మడతపెడుతుంటే నువ్వు మెల్లిగా మీట సున్నా కిందికి తిప్పేశావు. రోజంతా ఇంజను నడుస్తోంది, కరెంటుకి కొదవ లేదు, అది పాపం చెప్పిన పని చేసింది. సాయంత్రం దిబ్బ మీద డబ్బా తెరిచి నువ్వు వేసిన కేక ఆ ఎడారి ఆ చివరికి వినబడి ఉంటుంది. నేనూ తాగాను. "అబ్బ, ఎంత చల్లగా ఉందిరా" అన్నాను కూడా, మీట సంగతి తట్టనే లేదు. పిల్లకి కాసింత సోడా ఇచ్చాం.

అంతటితో ఊరుకున్నావా? మళ్లీ నాలుగుకి తిప్పావు! మాంసం రాయిలా అయితే వంటకి కష్టమని. ఎంత బుద్ధిమంతుడివి! అలాగే వదిలేసి ఉంటే నేను చూసేదాన్ని కదరా. తిట్టేదాన్ని, బండి వెనక్కి తిప్పించేదాన్ని. చీకటి పడే ముందు మూత దగ్గర మీట ఏ అంకె మీద ఉందో చూశాను. నాలుగు. తెల్లారి చూశాను. నాలుగు. ఆ అంకెని నమ్మి నా బిడ్డకి నీళ్లు పొడిచాను.

పొద్దున వాంతులు మొదలైతే నువ్వేమన్నావు? "రాత్రి తిన్న సాసేజులు పడలేదేమో." నేనూ అలాగే అనుకున్నాను. షుగరు చూసే మీటరు అంకెలు మానేసి "హై" అని మాత్రం చూపించింది. ఇంకో సూది వేశాను. ఇంకోటి. దిగదే! పిల్ల నోట్లోంచి మిగలపండిన పండు వాసన వస్తోంది. ఊపిరి చూస్తే పరుగెత్తొచ్చిన కుక్కలా తీస్తోంది.

ఏమైనా తాగించాలని ఫ్రిజ్ లాగాను. గుడ్ల అట్ట తగిలింది. గుడ్లన్నీ నిలువునా చీలి ఉన్నాయి. నువ్వు వెనక నుంచి "గతుకులకి పగిలాయిలే అక్కా" అన్నావు. గతుకులకైతే ఒకటో రెండో పగలాలి, అన్నీ ఒకేలా చీలతాయా! ఒకటి విప్పాను. పచ్చసొన రబ్బరు బంతిలా చేతిలోకొచ్చింది. ఆకు చూస్తే నల్లగా ఉడికినట్టుంది.

గుడ్డు గడ్డకడితేనే అలా చీలుతుంది. "మీట ముట్టుకున్నావా?" అన్నాను.

నువ్వు నవ్వావు డార్సీ.

"ఒక్క పూటే అక్కా, బీరు కోసం" అంటూ నవ్వావు. నీకప్పటికింకా సంగతి వెలగలేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు నీ పళ్లు మాత్రమే కనిపించాయి. పార బండికి ఆనించి ఉంది. తీశాను. తిప్పాను. చెట్టు కొమ్మ విరిగినట్టు చప్పుడైంది.

ఆ తర్వాత ఫ్రిజ్. పట్టాల మీంచి ఊడబెరికి దిబ్బ కిందికి తోసేశాను. అది దొర్లుతుంటే వెంటబడి కొట్టాను. మూత ఊడేదాకా, డబ్బాలు పగిలి నురగ చిమ్మేదాకా. నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను. ఆ యంత్రం చేసిన తప్పేంటో ఇప్పటికీ తెలీదు. చేతుల చర్మం లేచిపోయింది, ఇదిగో చూడు. నిన్ను కొట్టినప్పుడు లేచిందో, దాన్ని కొట్టినప్పుడు లేచిందో!

కొట్టి కొట్టి అలిసిపోయాక పిల్లని ముందు సీట్లో కట్టి, నిన్ను వెనక సామాన్ల మధ్య పడేసి, దిబ్బ తర్వాత దిబ్బ ఎక్కించాను. బండి గాల్లో లేచి పడినప్పుడల్లా నువ్వు మూలిగావు. కావాలనే గట్టిగా తొక్కాను కొన్ని చోట్ల. బండి వైర్‌లెస్ రేడియోలో ఎవరూ పలకలేదు. రోడ్డు పక్క పెట్రోలు బంకు చేరాకే డాక్టర్ల విమానానికి కబురెళ్లింది.

ఏంటలా చూస్తున్నావు? మధ్యలో ఒకటి వదిలేశాననా?

వదిలేశాను.

పెద్ద డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. మందు గడ్డకట్టిన సంగతి అంతా విని తలూపింది. "ఇలాంటివి చూశాం, త్వరగా అందితే తేలిగ్గా బయటపడతారు" అంది. "మీకు శాటిలైట్ ఫోను లేదా? అప్పుడే పిలిచి ఉంటే విమానం మీ దగ్గరికే వచ్చేది, పిల్ల కిడ్నీలకి ఈ దెబ్బ తగిలేది కాదు" అంది. లేదండీ అన్నాను.

లేదండీ అన్నానురా!

మొదటి దెబ్బకి నువ్వు కింద పడ్డావు. నెత్తురు కక్కుతూ పాక్కుంటూ డ్రైవరు తలుపు దగ్గరికెళ్లావు. పారిపోతున్నావనుకున్నానా? అనుకోలేదు. నీ చేతిలో ఫోను చూశాను. యాంటెన్నా పైకి లాగుతున్నావు. పిల్ల కోసమే అని నాకు తెలుసు. బాగా తెలుసు. అయినా పార దించాను. నీ వేళ్లూ ఫోనూ కలిసి నుజ్జయ్యాయి. నాకు నిన్ను ఇంకోసారి కొట్టాలనిపించింది. అంతే, ఇంకేం లేదు.

నీ మీట ఒక పూట. నా పార ఒక క్షణం. ఏది దాన్ని చావు దాకా ఎక్కువ తోసిందో డాక్టరమ్మని అడగలేకపోయాను.

పోలీసాయనకి అన్నీ చెప్తాలే, ఫోనుతో సహా. నువ్వు నాకోసం ఏమీ దాచక్కర్లేదు. జాలిగా చూడకు, ఒళ్లు మండుతుంది.

ఇందాక ఇమ్మీ కళ్లు తెరిచింది.

అవున్రా, తెరిచింది! ఏడవకు, ముక్కు మూసుకుపోతే ఊపిరెలా తీస్తావు? ఆగు, తుడుస్తాను.

పరుగెత్తుకుంటూ వెళ్లాను. నన్ను చూసింది. నా చేతుల కట్లు చూసింది. అది ఆ వేళ నీడలో పడుకుని కళ్లు తెరిచే ఉంది డార్సీ. స్పృహ లేదనుకున్నాను. అంతా చూసిందట.

"మామయ్య ఏడి? బతికున్నాడా?" అంది. అని గోడవైపు తిరిగింది. చెయ్యి పట్టుకోబోతే దుప్పట్లోకి లాగేసుకుంది.

లే. చక్రాల కుర్చీ తెచ్చాను. నా భుజం పట్టుకో, మంచి చేత్తో. దాని గది గుమ్మందాకా తోస్తాను. లోపలికి మాత్రం నర్సమ్మ తీసుకెళ్తుంది. ఇమ్మీ నన్ను రావద్దందిరా.