ఒక్కరూ మెచ్చుకోని ఉయ్యాల

నూకరత్నం వెదురు చీలిస్తే ఆ బద్ద పట్టుదారంలా వంగేదంట. గోదావరి గట్టు కింద మేదరపేటలో ఉండేది. ఆ ఊళ్ళో ఆవిడ అల్లిన ఉయ్యాలలో పడుకోకుండా పెరిగిన బిడ్డ లేదనుకోండి. అయితే ఏమైందంటే, పట్నంలోకి ఇనప ఉయ్యాలలు వచ్చాయి, వాటికి రంగులూ, గిలకలూ. ఊరివాళ్ళు విడిచిపెట్టలేదు గానీ పైఊళ్ళవాళ్ళు రావడం మానేశారు. అల్లినవి అల్లినట్టే చూరుకి వేలాడుతున్నాయి. ఇంకొక ఏడు ఇలాగే గడిస్తే కత్తి అటకెక్కించవలసిందే, అమ్మమ్మ నాటి పని నా చేతిలోనే ఆగిపోతుంది కాబోలునని ఆవిడకి ఒకటే దిగులు. అది చూసి రాజమండ్రిలో కంప్యూటర్ల పని చేసే అల్లుడు గంగరాజు, బెంగపడకండి అత్తయ్యగారూ, ఉయ్యాలలు ఆన్‌లైనులో అమ్ముదాం అని ఒక వెబ్‌సైటు పెట్టాడంట. బొమ్మలన్నీ చక్కగా వచ్చాయి. చూసేవాళ్ళు చూస్తున్నారు, కొనేవాడు మాత్రం లేడు.

ఆ ఇంట్లో అత్తగారు అల్లుడితో ఎదురుపడి మాట్లాడరు. తలుపు చాటున నిలబడి, కూతురితో అన్నట్టు అంటారు. "ఏమే సత్యవేణీ, ఇంత మంచి ఉయ్యాల కళ్ళెదుట పెడితే ఎందుకు కొనడం లేదో కనుక్కోవే" అందంట నూకరత్నం. గంగరాజు ఏమన్నాడంటే, మీ అమ్మగారిని ఎవరెరుగుదురు, కొన్నవాళ్ళు బాగుందని నాలుగు మాటలు చెబితే అవి బొమ్మ కింద వేస్తాం, అప్పుడు కొత్తవాళ్ళకి నమ్మకం కలుగుతుంది అన్నాడు. నూకరత్నానికి బుర్ర తిరిగిపోయింది. "అదేమిటే, ఉయ్యాల చూడక ఉయ్యాల కింద మాట చూస్తారా?" అని కాసేపు ఆలోచించి, సరేలే, పిల్లనిచ్చే ముందు మనం మాత్రం ఇరుగుపొరుగుని అడగమూ, అడిగి రమ్మను అందంట.

అడిగి రమ్మంటే వెళ్ళాడు. వెళ్ళినవాడు తెల్లమొహం వేసుకుని తిరిగొచ్చాడు. ఎందుకంటే, కాసులమ్మ "ఏముంది బాబూ, గంపకి తాడు కడితే ఉయ్యాలా?" అందంట. ఆ పక్కింటావిడ "ఊపితే కిర్రుమంటుంది, మా పిల్లకి నిద్రే లేదు" అందంట. ఆ పిల్ల ఆ ఉయ్యాలలోనే నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది, చూడండి మరి! ఇక వరహాలమ్మ, ఒడిలో గుమ్మడికాయంత మనవణ్ణి పెట్టుకుని, "వంకర ఉయ్యాల నాయనా. మా వాడు అందులో పడుకుని పీచులా అయిపోయాడు" అందంట. గంగరాజు పట్నంలో పుట్టి పట్నంలో పెరిగినవాడు, పసిపిల్లల మంచమూ ఉయ్యాలా పొగిడితే దిష్టి తగులుతుందని అతనికి ఎవరు చెప్పారు? నూకరత్నమే ప్రతి ఉయ్యాలలోనూ ఒక బద్దకి మసిపూసి, కావాలని వంకరగా అల్లుతుందే! అతనది ఎరగడు. పాపం అత్తయ్యగారి పని ఎవరికీ నచ్చలేదనుకున్నాడు. ఆవిడతో చెబితే బాధపడుతుందని తనే కూర్చుని రాశాడంట. వరహాలమ్మ పేరు పెట్టి, 'ఇంత అందమైన ఉయ్యాల ఎక్కడా లేదు, మా మనవడు ఇందులో బంగారుబొమ్మలా బొద్దుగా పెరుగుతున్నాడు' అని. కాసులమ్మ పేరు మీద ఇంకొకటి. ఇలాగే అందరివీ.

మర్నాడు ఏమైందంటే, వరహాలమ్మ మనవడికి ఒళ్ళు కాలింది. పళ్ళొచ్చే వయసు, కాలకేం చేస్తుంది? సరిగ్గా అప్పుడే కోడలు ఫోనులో ఆ ముక్క చదివి వినిపించింది. ఇంకేముంది! వరహాలమ్మ ఉయ్యాల నెత్తిన పెట్టుకుని బయలుదేరిందంట. వట్టి ఉయ్యాల వీధిలో మోసుకుపోవడమంటే ఎంత అపశకునమో ఆడవాళ్ళకి నేను చెప్పనక్కరలేదు. నూకరత్నం వాకిట్లో దభీమని దించి, "నీకు నేనేం ద్రోహం చేశానే? నా నోటితోనే నా మనవడికి దిష్టి పెట్టిస్తావా?" అంది. నూకరత్నానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. "దిష్టేమిటి పిన్నీ? నేనేం అన్నాను?" "నువ్వు కాదే, నేనే అన్నానట! లోకమంతా చదువుతోంది!" సాయంత్రానికి కాసులమ్మదీ వచ్చింది, ఆ పక్కింటావిడదీ వచ్చింది. పైఊళ్ళవాళ్ళని తెద్దామని చూస్తే ఉన్న ఊరే చేయి జారిపోయింది. చూరు కింద ఉయ్యాలలు నిండిపోయాయి.

తలుపు చాటున గొంతు లేచింది. "సత్యవేణీ, రాసిందంతా తీసెయ్యమని చెప్పవే. వాళ్ళు నోటితో ఏమన్నారో అదే వెయ్యమను." గంగరాజు లబోదిబోమన్నాడు. "అవన్నీ తిట్లండీ అత్తయ్యగారూ! అవి వేస్తే ఇక ఎవడూ తొంగిచూడడు!" "తిట్లో దీవెనలో నాకు తెలియదు, ఎవరి మాట వాళ్ళకుండాలని చెప్పు." సరే, వేశాడు. 'వంకర ఉయ్యాల, మా వాడు పీచులా అయిపోయాడు' అని తన పేరు కింద చూసుకుని వరహాలమ్మ, హమ్మయ్య అనుకుంది. పిల్లాడి జ్వరం ఎటూ తగ్గింది. మనవణ్ణి ఉయ్యాలలో కూర్చోబెట్టి, వట్టిది కాకుండా పట్టుకుపోయింది. వెనకే మిగతావాళ్ళూ వచ్చారు. ఊరైతే దక్కింది. పైఊళ్ళ సంగతి?

ఇది జరిగిన కొన్నాళ్ళకి కాకినాడ నుంచి ఒక పెద్దావిడ ఫోను చేసిందంట. "అమ్మా, నీ ఉయ్యాల కింద మాటలన్నీ చదివాను. ఒక్క తల్లీ పొగడలేదు. అంటే పిల్లలందరూ సుఖంగా ఉన్నారన్నమాట. మా అమ్మాయికి నెలలు నిండాయి, నాకొకటి పంపు. ఆ వంకర బద్ద మాత్రం మరిచిపోకు" అంది. నూకరత్నం ఫోను పెట్టేసింది. ఎప్పుడూ చూడని మనిషికి వరహాలమ్మ మాట మీద అంత గురి ఏమిటో, కాకినాడకీ మేదరపేటకీ ఏం చుట్టరికమో, ఆవిడకి అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. కత్తి మాత్రం చేతిలోకి తీసుకుంది. ఆ తరువాత కాకినాడావిడ ఎవరెవరికి చెప్పిందో, చూరు ఖాళీ అయింది.

వరహాలమ్మ ఒకనాడు అడిగిందంట, "అల్లుడు బాగా ఒదిగాడే?" అని. "ఏం ఒదగడం పిన్నీ! ఉత్త తెలివితక్కువ మనిషి" అంది నూకరత్నం, తలుపు చాటునుంచే, అతనికి వినబడేలాగ. గంగరాజుకి ముందు మొహం మాడింది, తరువాత ఏదో అర్థమైనట్టే అయి, నవ్వాలో ఏడవాలో తెలియక అరుగు మీద అలాగే కూర్చున్నాడంట.

ఇంతే సంగతి. లేచి వెళ్ళేటప్పుడు కథ బాగుందని మాత్రం ఎవరూ అనకండి. పోయినసారి ఒకావిడ అలాగే అంది, మూడు రోజులు నా గొంతు పెగల్లేదు.