సీరియల్ పిల్ల కోసం ఉపవాసం

అబద్ధం ఆడానంటాడా అన్నయ్య? నేనా? కదలకు వదినా, రంగు చెవి మీద పడుతుంది. ముఖం మీద ప్యాక్ ఆరేదాకా నోరు విప్పొద్దని చెప్పానా లేదా? పగిలిందంటే మళ్లీ మొదటికొస్తుంది. ఊ అను, ఊఊ అను. అదీ పెదవులు కదలకుండా.

మా ఇంటికి కోడలిగా వచ్చిన ఇన్నేళ్లకి దొరికావు నాకు. ఎప్పుడూ నువ్వు చెప్పడం, నేను వినడమే కదా! ఇవాళ నా వంతు.

అయితే సాయంత్రం కమిటీలో మా అన్నయ్య సంఘ పెద్ద హోదాలో లేచి నిలబడతాడన్నమాట. "స్త్రీల ప్రార్థన నాయకురాలు సంఘాన్ని మోసం చేసింది, తీసేద్దాం" అంటాడన్నమాట. సొంత చెల్లెలని కూడా చూడడు. నువ్వేమో ఆయన పక్క కుర్చీలో కూర్చుని చెయ్యెత్తాలి. అలా చెయ్యెత్తడానికి వెళ్తూ జుట్టుకి రంగు వేయించుకోడానికి నా పార్లర్‌కే వచ్చావు చూడూ, అక్కడే నాకు నువ్వంటే ముద్దు!

జరిగింది నీకు తెలుసు, కాదన్ను. కానీ అన్నయ్య నోటితో విన్నావు. ఆయన నోట్లో పడితే పెళ్లి కబురు కూడా చావు కబురులాగే వినిపిస్తుంది. ఒక్కసారి నా నోటితో కూడా విను.

మన ప్రార్థన చైన్ ఉంది కదా. ఎవరికైనా కష్టం వస్తే నాకు ఫోన్ చేస్తారు. నేను డ్రైవర్ భార్యకి చెప్తాను, ఆవిడ టైలరమ్మకి, టైలరమ్మ నీకు. పొద్దు వాలేలోగా సంఘమంతా మోకాళ్ల మీద ఉంటుంది. పేరు మాత్రం చెప్పకూడదు. 'ఒక సహోదరి', 'ఒక సహోదరుడు', అంతే. ఆ రూలు పెట్టిందెవరు? మా అన్నయ్యే. ఎందుకు పెట్టాడు? టైలరమ్మ మొలల బాధ దేవుడి దగ్గరికి చేరేలోపే వీధి చివరికి చేరిందని. పాపం ఆవిడ మిషను ముందు కూర్చుంటే చాలు, వచ్చిన ప్రతివాళ్లూ దిండు తెమ్మంటారా అని అడగడం! "దేవుడికి పేర్లు తెలుసు, మనకెందుకు" అన్నాడు అన్నయ్య. మంచిమాటే. నేనే ముందు ఆమెన్ అన్నాను.

ఇహ ఆ మంగళవారం సంగతి. మధ్యాహ్నం పార్లర్ ఖాళీగా ఉంది. టీవీ పెట్టుకున్నాను. అవును తల్లీ, సీరియలే! కళ్లతో అలా పొడవకు. నువ్వు చూడవు, ఒప్పుకుంటాను. మీ ఇంట్లో టీవీ మీద ఎప్పుడూ గుడ్డ కప్పే ఉంటుంది. ఆ గుడ్డ కింద టీవీ ఎప్పుడు ముట్టుకున్నా వెచ్చగా ఎందుకుంటుందో మాత్రం నన్నడగొద్దు.

నవ్వకు, నవ్వకు! పగిలింది చూడు బుగ్గ మీద. ఉండు, కాస్త తడి అద్దుతాను.

ఆ సీరియల్లో చిన్నకోడలు. ఆరో నెల. మాటా మాటా పెరిగి మొగుడు బయటికి పొమ్మన్నాడు. ఆ పిల్ల సంచీ పట్టుకుని బస్టాండ్‌లో కూర్చుంది. వాళ్లమ్మకి ఫోన్ చేసింది. ఆ తల్లి, "తిన్నావా?" అంది. ఈ పిల్ల, "తిన్నానమ్మా" అంది. పక్కన ఖాళీ నీళ్ల సీసా తప్ప ఇంకేం లేదు. వెనకాల ఏడుపు పాట లేదు, ఉరుములు లేవు, మెరుపులు లేవు. చేతిలో దువ్వెన అలాగే పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

సరిగ్గా అప్పుడే డ్రైవర్ భార్య ఫోను. "అక్కా, ఇవాళ విన్నపాలేమైనా ఉన్నాయా?" అంది. నేను ముక్కు చీదుకుంటూ, "ఒక సహోదరి అమ్మా... ఆరో నెల... మొగుడు గెంటేశాడు... బస్టాండ్‌లో కూర్చుంది, తిండి కూడా తినలేదు" అన్నాను. ఇందులో ఒక్క అబద్ధం ఉంటే చూపించు! అక్షరం అక్షరం నిజం.

ఫోన్ పెట్టేశాక వెంటనే మళ్లీ చేసి అసలు సంగతి చెబుదామనుకున్నాను. ఈలోగా ప్రకటనలు అయిపోయి సీరియల్ మొదలైపోయింది.

సాయంత్రానికి చూస్తే ఏముంది? సంఘం సంఘమంతా కదిలింది! టైలరమ్మ మిగులు గుడ్డలతో బుజ్జి చొక్కాలు కుట్టి పడేసింది. మన ఎలక్ట్రీషియన్, ఆ పిల్ల వస్తే ఉంటుందని వాళ్ల మేడమీద గదిలో ఫ్యాను బిగించాడు. చర్చి హాల్లో ఫ్యాను బాగుచేయమంటే ఎంత బతిమాలించుకున్నాడో గుర్తుందా? నువ్వు నీ పెళ్లి నాటి శాలువా పంపావు. నాకు తెలుసులే, చిరుగుకి వేసిన కుట్టు చూసి పోల్చాను. మా అన్నయ్యయితే స్వయంగా బస్టాండ్‌కి వెళ్లి బెంచీ బెంచీ వెతికాడు. కడుపుతో ఉన్న ఒకావిడ కనిపిస్తే పక్కన కూర్చుని, "భయపడకు సహోదరీ, నీ మొగుడు నిన్ను వదిలేసినా మేమున్నాం" అన్నాడట. ఆ మొగుడు నీళ్లు పట్టుకుని వెనకే వస్తున్నాడు! వచ్చి ఈయన కాలరు పట్టుకున్నాడు. అసలు మంట అక్కడుంది వదినా. మోసమూ లేదు, ఏమీ లేదు. కాలరు నలిగింది, అంతే.

చెప్పి ఉండాల్సింది, నిజమే. చెబుదామనే పాస్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను చూడగానే చేతులు జోడించి, "అమ్మా, నేనొచ్చాక ఈ సంఘాన్ని ఇలా ఎప్పుడూ చూడలేదు. ఒక తెలియని ఆడపిల్ల కోసం!" అన్నారు. చిన్నవాడు కదా, కళ్లలో నీళ్లు తిరిగాయి. శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టేశానన్నారు. ఇంకేం చెప్తాను? చెప్పొచ్చిన మాట కాస్తా గుటుక్కున మింగేశాను.

ఇక మా ఎదురు షాపు లాండ్రీ ఆవిడ. బట్టల కోసం వెళ్లిన టైలరమ్మ ఆవిడకి ఇదంతా చెప్పుకొచ్చింది. ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "అయ్యో, మన చిన్నకోడలే కదా! దానికోసం మీరు పస్తులుంటున్నారా?" అంది. టైలరమ్మ సీరియల్స్ చూడదు కదా, ఈవిడ ఆ పిల్లకి చుట్టం కాబోలు అనుకుంది. "మీరూ రండమ్మా" అంది. ఆవిడ వచ్చింది. ఒక్కతే రాలేదు, వీధి మొత్తాన్ని వెంటేసుకుని వచ్చింది.

సువార్త కోసం మనం ఎన్ని పాట్లు పడలేదు చెప్పు? ఆటోకి మైకు కట్టి తిరిగాం, కుక్కలు తప్ప ఎవరూ వెంట రాలేదు. కరపత్రాలు పంచాం, ఈ లాండ్రీ ఆవిడే వాటిని మడతల మధ్య పెట్టి మన చొక్కాలు మనకే ఇచ్చింది. సినిమా పాట వరసలో మన పాట కట్టి యూత్ వాళ్లు డ్యాన్సు చేశారు. జనం ఆగారు, నిజమే. ఆగి, ఆ సినిమా పాటే పాడమన్నారు! లోకాన్ని లోపలికి రప్పించాలని మనం లోకం బట్టలు కట్టుకుంటే, లోకం ఆ బట్టల్ని చూసి వెళ్లిపోయింది. అంత చేసినా గుమ్మం తొక్కని వాళ్లు, సీరియల్ పిల్ల కోసం వచ్చి మన పక్కన కూర్చున్నారు. కుర్చీలు చాలక పక్క ట్యూషన్ సెంటర్ నుంచి బెంచీలు మోసుకొచ్చాం. ఎలా మోకరించాలో తెలీక ఒకావిడ చతికిలపడిపోయింది. ఏడవడం మాత్రం ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

ప్రార్థన అయ్యాక పాస్టరు గారు, "ఆ సహోదరి జాడ ఎవరికైనా తెలిస్తే చెప్పండి" అన్నారు. లాండ్రీ ఆవిడ లేచింది. "నాకు తెలుసయ్యగారూ! నిన్నటి ఎపిసోడ్‌లో ఎవరో పెద్దాయన దాన్ని వాళ్లింటికి తీసుకెళ్లాడు. మీ ప్రార్థన పనిచేసినట్టే!" అంది.

హాలంతా గుడ్లప్పగించి చూసింది. పాస్టరు గారు బైబిలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ బైబిలు ఒకటే ఊగుతోంది! ఆయన నవ్వాపుకోలేక చస్తున్నారని నాకొక్కదానికే తెలిసింది. మా అన్నయ్య మాత్రం ముఖం కందగడ్డ చేసుకుని నా వైపు తిరిగి, "లేని మనిషి కోసం దేవుణ్ని విసిగిస్తావా?" అన్నాడు.

లేని మనిషా? ప్రభువు ఉపమానాలు చెప్పాడు కదా, ఆ ఉపమానాల్లో మనుషులకి ఇంటి నంబర్లున్నాయా? వాళ్ల గురించి వాక్యం చెబుతూ అన్నయ్యే ఎన్నిసార్లు కళ్లు తుడుచుకోలేదు? నన్ను నేను ప్రభువుతో పోల్చుకోవట్లేదమ్మా, కళ్లురిమి చూడకు. ఊరికే అంటున్నాను. లేని మనిషి కోసం కుట్టినా చొక్కాలు చొక్కాలేగా. వాటిని ఆస్పత్రి కాన్పుల వార్డులో ఇచ్చొచ్చాం. అక్కడి పిల్లలు ఉన్నారా, లేరా?

ఏంటా ఊఊ? తెలిసి తెలిసి ఏడ్చావా అనా? అది సీరియలని నాకు తెలీదా అనా?

తెలుసు వదినా. అందరికంటే నాకే బాగా తెలుసు.

అన్నయ్యకి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆ సీరియల్‌కి మాటలు రాసేదెవరనుకున్నావు? మా అమ్మాయి. నీ మేనకోడలే! టీవీ ఆఫీసులో లెక్కలు చూస్తుందని చెప్పానే, అదీ అబద్ధం. సాయంత్రం నన్ను పట్టుకోవాలనుకుంటే అక్కడ పట్టుకోండి, నోరెత్తితే ఒట్టు.

సండే స్కూల్ నాటికలు రాసేది కదా చిన్నప్పుడు. దాని మాటలకి హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. "ఈ తెలివి లోకం పాలు కాకుండా చూసుకో" అని అన్నయ్యే అన్నాడు. లోకం పాలే అయింది. మరి మీ అందరి ముందూ ఏమని చెప్పను? రోజూ చివర్లో పేర్లు పడతాయి. దానిది చిన్న అక్షరాల్లో వస్తుంది, చదివేలోపే వెళ్లిపోతుంది. నేను సీరియల్ చూసేది దానికోసం. కథ నాకు అసలు నచ్చదు, ఆ అత్తగారి నగలూ అదీ!

వారానికోసారి ఫోన్ చేస్తుంది. "తిన్నావా?" అంటాను. "తిన్నానమ్మా" అంటుంది. అయిపోతుంది. ఇంకో మాట నాకూ రాదు, దానికీ రాదు. ఆ మంగళవారం బస్టాండ్‌లో కూర్చుని ఆ పిల్ల ఆ మాటే అనేసరికి నా గుండె జారిపోయింది. ఇన్నాళ్లూ ఇది నిజంగా తినే చెప్పిందా అని.

నిన్న మళ్లీ చేసింది. మన ఉపవాసం సంగతి ఎవరో దాని ఆఫీసుదాకా మోసేశారు. ఒకటే నవ్వు! "అమ్మా, నా చిన్నకోడలి కోసం మీరంతా పస్తులున్నారా? మామయ్య కాలరు ఎవరో పట్టుకున్నారా?" అని. నేనూ నవ్వాను. మేమిద్దరం అలా నవ్వి ఎన్నాళ్లయిందో. నవ్వు ఆగింది. తర్వాత మెల్లగా అడిగింది.

"అమ్మా, చైన్‌లో నా గురించి ఎప్పుడైనా చెప్పావా?"

అందరి గురించీ చెప్పాను వదినా. డ్రైవరు లైసెన్సు గురించి చెప్పాను, టైలరమ్మ మొలల గురించి చెప్పాను, ఎలక్ట్రీషియన్ వాళ్ల కుక్క కాలు విరిగితే దాని గురించి కూడా చెప్పాను. దీని గురించి ఒక్కసారి కూడా చెప్పలేదు. పేరు చెప్పక్కర్లేదు కదా, అయినా చెప్పలేదు. ఎక్కడ పోల్చుకుంటారో, ఎక్కడ ఏం ఉద్యోగమని అడుగుతారోనని సిగ్గు. కన్నపిల్లని తలుచుకుని ప్రార్థన చెయ్యడానికి సిగ్గుపడ్డాను. సీరియల్ పిల్లకైతే అలాంటిదేం లేదు కదా, హాయిగా ఏడ్చాను.

"లైను సరిగా లేదే, మళ్లీ చేస్తా" అని పెట్టేశాను. లైనుకేం, నిక్షేపంలా ఉంది.

ఊరుకో, నువ్వెందుకు ఏడవడం? ఉండు, ముఖం కడుగుతాను. సాయంత్రం చెయ్యెత్తు వదినా, నాకేం కోపం లేదు. నేను కాకపోతే ఇంకొకరు చేస్తారు. కానీ సాయంత్రందాకా నాయకురాలిని నేనే కదా. ఒక విన్నపం ఇస్తున్నాను, ఈసారి నీ దగ్గర్నించే మొదలుపెట్టు. 'ఒక సహోదరి' అనొద్దు. మా అమ్మాయి అనే చెప్పు. సీరియళ్లు రాస్తుందని కూడా చెప్పు. టైలరమ్మ అడుగుతుంది, పిల్లకి ఏం కష్టమొచ్చిందని. తెలీదని చెప్పు. వాళ్లమ్మ ఎప్పుడూ అడగలేదట అని చెప్పు.