కిటికీలో స్టీలు గ్లాసు

చాయ్ చల్లారేదాకా బాలమణి కావాలనే ఆగింది. జగిత్యాలలో నర్మద దొరసాని ఇంట్లో పన్నెండేళ్లుగా వంట చేస్తోంది. బాలమణి చాయ్ తాగే స్టీలు గ్లాసు పన్నెండేళ్లుగా వంటింటి కిటికీలోనే, వేరుగా ఉంటుంది. మైక్రోవేవ్ ఓవెన్ మాత్రం మొన్ననే వచ్చింది.

“దొర్సానీ, నా చాయ్ సల్లారింది. గీ గ్లాసు ఓవెన్ల పెట్టుకోన?”

“నీకేమన్న పిచ్చా? స్టీలు పెడ్తే మెరుపులొస్తయని నిన్ననే చెప్పిన గద!”

“మరి గీ ప్లాస్టిక్ డబ్బల పోస్త.”

“దానడుగున ఓవెన్ గుర్తు లేదు. కరుగుతది.”

“గా బంగారు అంచు కప్పు?”

“అమ్మో, అసలే వద్దు! అంచుకు నిప్పురవ్వలు లేస్తయి. గాజుదన్న, అంచు లేని పింగాణిదన్న పెట్టాలె.”

“గవన్ని మీరు తాగేటియే గద దొర్సానీ?”

నర్మద పొయ్యి వైపు చూసింది.

“పొయ్యి మీద కాగబెట్టుకోరాదు?”

“గీ చాయ్ కాగంగనే సిలిండర్ అయిపాయె. రేపు తెస్తమన్నరు.”

“సరే తియ్యి. గా తెల్ల కప్పుల పెట్టు. కాగినంక నీ గ్లాసుల పోస్కో.”

“గట్లనే.”

ఓవెన్‌లో నిమిషం తిరిగాక బాలమణి కప్పు బయటికి తీసింది. కిటికీ వైపు చూడనైనా చూడకుండా, ఊదుకుంటూ ఊదుకుంటూ చివరి గుక్క దాకా తాగింది. ఖాళీ కప్పును వెలుతురులో అటూ ఇటూ తిప్పి దొరసాని ముందు పెట్టింది.

“సూడుండ్రి దొర్సానీ, పగల్లేదు, కరగలేదు. కప్పుకేం కాలె.”