పళ్ల బ్రష్షు చేసిన పని

షట్టర్ ఎత్తగానే, ముందురోజు కూతురితో వచ్చిన తల్లి దుకాణంలో అడుగుపెట్టింది. గేమింగ్ కంప్యూటర్ కోసం కూతురు అక్కడే కొన్న పాత మదర్‌బోర్డును బల్ల మీద పెట్టింది.

"బదులు ఇంకోటి ఇస్తానని నిన్ననే ఒప్పుకున్నాగా అమ్మా?" అన్నాడు దుకాణదారు.

"వద్దు బాబూ. పాడుచేసింది నేనే."

"మీరా!"

"సందుల్లో దుమ్ముంది. నిప్పంటుకుని పిల్ల కాలిపోతుందేమోనని ఒకటే దడ. పళ్ల బ్రష్షుతో గట్టిగా తోమేశాను."

"ప్రాసెసర్ కూర్చునే చోటా? వెంట్రుకల్లాంటి తీగలమ్మా అవి! వంగిపోవూ మరి?"

"అమ్మాయికి తెలీదు."

"నిన్న అంతమందిలో నన్ను మోసగాడని కడిగేసింది. మీరు పక్కనే ఉన్నారు."

"ఉన్నాను. నోరు పెగల్లేదు."

"ఇవాళ పెగిలింది, ఎవరూ లేని వేళ చూసి."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. మెల్లగా వెళ్లి గోడవార స్టూలు మీద కూర్చుంది.

"ఇంకా ఏమిటమ్మా?"

"నలుగురూ రానీ బాబూ. మళ్లీ చెప్తాను."