షేజీ బాబా తలుపు

నా పేరు జమస్వాజి డ్లూడ్లా. వయసు ఇరవై మూడు. డర్బన్ పక్కన కువామాషు, కె సెక్షన్‌లో మా పిన్ని ఇంట్లో ఉంటాను. డిగ్రీ చదివాను. ఈ పోలీసు వాంగ్మూలంలో వృత్తి అన్నచోట ఏం రాయమంటావని సార్జెంట్ మఖాయే గారు అడిగారు. పాటల కంపెనీ నడుపుతున్నాం అన్నాను. "ఎంతమంది?" అన్నారు. ఇద్దరం అన్నాను. తర్వాత దాన్ని కొట్టేసి ఒక్కదాన్నని రాసుకోమన్నాను.

కంపెనీ పేరు ఎమూవా రికార్డ్స్. ఎమూవా అంటే వెనక. టాక్సీలో వెనక సీటు అని మా ఉద్దేశం. లువాండిలే సిబియా వాళ్ళమ్మ గారి షెడ్డులో పాత కంప్యూటర్ మీద గోమ్ పాటలు కట్టేవాడు. గోమ్ అంటే ఏమిటో సార్జెంట్ గారికి తెలుసు. మేజిస్ట్రేటు గారి కోసం చెబుతున్నాను: మా పేటల్లో పుట్టిన డాన్సు సంగీతం, మాటలు తక్కువ, దెబ్బలు ఎక్కువ. పేర్లు పెట్టడం, కవరు బొమ్మ వేయించడం, ఇంటర్నెట్‌లోకి ఎక్కించడం, గొడవపడటం నా పని.

మా పాట ఏదైనా ముందు టాక్సీలో మోగాలి. భేకింకోసి షేజీ గారి టాక్సీలోనే మోగాలి. అది పదిహేను సీట్ల తెల్ల బండి. వెనక సీటు కింద పెద్ద స్పీకర్లున్నాయి. మేమిద్దరం వెనక కూర్చుని జనాన్ని చూస్తాం. పాట ధ్యాసలో పడి ఒక్కరైనా దిగాల్సిన చోటు దాటిపోతే పాట పాసు. ఎవరూ దాటకపోతే లువాండిలే షెడ్డుకి పోయి మళ్ళీ మొదలుపెడతాడు. మాకు వేరే పరీక్ష లేదు.

ఆయన్ని మేం బాబా అంటాం, అంటే నాన్న. షేజీ బాబా బండికి కండక్టర్ లేడు. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళే తలుపు జరిపి వేస్తారు. తలుపు ఎడమ పక్క. రోడ్డు మీద వెనకనించి వచ్చే బండ్లు కుడి పక్క. ఆయన కళ్ళు కుడి అద్దంలో ఉంటాయి, చెవులు ఎడమ పక్క ఉంటాయి. తలుపు పడ్డ చప్పుడు వింటాడు, బండి కదుపుతాడు. ఇరవై ఏళ్ళుగా అలాగే తోలుతున్నాడు. ఆ తలుపు చప్పుడు ఇంకే బండికీ లేదు. పట్టా అరిగింది కాబట్టి ముందు కిర్రుమంటుంది. తర్వాత ధడ్. ఆ తర్వాత చిన్న గొలుసు మోత. గొళ్ళెం విరిగితే ఆయన సైకిలు గొలుసు ముక్క కట్టాడు. "మా ఆవిడ గొంతు మర్చిపోతానేమో గానీ నా తలుపు గొంతు మర్చిపోను. ఇది ఆవిడకి చెప్పకండి పిల్లలూ" అనేవాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం షేజీ బాబా టాక్సీలు నిలిచే ర్యాంకు దగ్గర బ్రెడ్డులో కూర పోయించుకుని తింటున్నాడు. లువాండిలే ఆ తలుపుని జరిపి వేస్తూ, తీసి మళ్ళీ వేస్తూ నా ఫోనులో రికార్డు చేశాడు. నేను కాపలా నిలబడ్డాను. "ముసలాయనకి చెప్పకే జమా. తన తలుపు పాటలో పడగానే గుర్తుపట్టాలి. అప్పుడాయన మొహం చూడాలి" అన్నాడు. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు.

పోయిన శనివారం, జూన్ తొమ్మిదో తారీకు, పొద్దున పది దాటాక ర్యాంకులో ఎక్కాం. బండి నిండింది. లువాండిలే పసుపు చొక్కా వేసుకున్నాడు. పాట మొదలైంది. ముందు సీటులో ఒక పెద్దావిడ, "ఏమయ్యా, ఇది పాటా, ఎవడైనా రేకు డబ్బా బాదుతున్నాడా?" అంది.

"నీ పెళ్ళిలో బాదింది కూడా ఈ డబ్బానే అమ్మా. నువ్వప్పుడు ఎగిరావు" అన్నాడు షేజీ బాబా.

"ఎగిరాను కాబట్టే మోకాళ్ళిలా ఉన్నాయి."

అందరూ నవ్వారు. మా ముందు వరసలో నర్సు బట్టల్లో ఒకావిడ తల ఊపుతూ ఉంది. క్లినిక్ స్టాపు వచ్చింది, పోయింది. ఆవిడ కాసేపటికి "అయ్యో, నా క్లినిక్!" అంది. లువాండిలే నా మోకాలి మీద కొట్టి బొటనవేలు చూపించాడు. పాట పాసైంది. ఇది కూడా రాసుకోండి అన్నాను. సార్జెంట్ గారు రాసుకున్నారు.

పాట పాసైతే వాడు కిందికి దిగి, బండి ఎదుటనించి పోతున్నప్పుడు రోడ్డు మీదికి ఎలా వినపడుతుందో వింటాడు. ఎప్పుడూ అంతే. ఆ రోజు ఇంకో చిలిపి పని పెట్టుకున్నాడు. రెండోసారి పాట వేయించాడు. పాట మధ్యలో అన్నీ ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలో తలుపు పడుతుంది. ఆ తర్వాత బేస్ దెబ్బ దిగుతుంది. మొదటిసారి ఆ తలుపు జనం నవ్వుల్లో కలిసిపోయింది, షేజీ బాబాకి వినపడలేదు. సరిగ్గా అక్కడ తాను కింద నిలబడి అసలు తలుపు వేస్తాను అన్నాడు. రెండు తలుపులూ ఒక్కసారి పడాలి. "చూడవే" అన్నాడు. నాతో వాడన్న చివరి మాట అది.

స్కూలు దాటాక ఉన్న స్టాపులో బండి ఆపించాడు. వాడికంటే ముందు ఒకామె మొక్కజొన్న పిండి మూటతో దిగింది. మూట ఫుట్‌బోర్డు మీద ఇరుక్కుంది. వాడు వంగి దాన్ని ఆమెకి అందిస్తున్నాడు. ఒక కాలు బండిలో, ఒక కాలు కింద. పాటలో అన్నీ ఆగాయి. కిర్రుమంది. ధడ్. గొలుసు. షేజీ బాబా కుడి అద్దంలో చూస్తూ బండి కదిపాడు.

బేస్ దిగింది. నేను అరిచాను. అరిచినట్టు నా నోటికి తెలుసు, చెవికి తెలియదు. ముందున్న పెద్దావిడ పాటకి చప్పట్లు కొడుతోంది. నర్సు వెనక్కి తిరిగి నన్ను చూసి, బండి పైరేకు బాదింది. బండి ఆగింది. వెనక చక్రం వాడి మీదనించి దాటాక ఆగింది. పిండి మూట పగిలి రోడ్డంతా తెల్లగా అయింది. వాడి చొక్కా పసుపుది. నర్సు దిగి మోకాళ్ళ మీద కూర్చుంది. కాసేపయ్యాక ఆవిడ చేతులు తీసేసింది. పాట ఇంకా మోగుతూనే ఉంది. ఆపాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

షేజీ బాబా తలుపు దగ్గర నిలబడి దాన్ని ముట్టుకుని చూశాడు. తెరిచే ఉంది. "పడింది కదమ్మా, విన్నాను" అన్నాడు. మళ్ళీ అదే అన్నాడు. లాకప్‌లో కూడా ఆ ఒక్క మాటే అంటున్నాడట. తప్పించుకోవడానికి అబద్ధమాడుతున్నాడని ఇక్కడ అనుకుంటున్నారు. తలుపు తెరిచి ఉండగా బండి తోలాడని అందరూ చెప్పారు. అది నిజం. తాగి తోలాడని ఇద్దరు చెప్పారు. అది నిజం కాదు. ఆయన పక్కనున్న అట్ట డబ్బాలోది మహేవు, మొక్కజొన్న అంబలి. ఆయన తాగడు.

నిన్న లువాండిలే వాళ్ళమ్మ మాదూమా గారింటికి వెళ్ళాను. చావింట్లో మా ఆచారం ప్రకారం సోఫాలు బయట పెట్టేశారు. ఆవిడ చాప మీద కూర్చుని ఉంది. ఇవాళ ఇక్కడ ఏం చెప్పబోతున్నానో ముందు ఆవిడకి చెప్పాను. ఆవిడ ఇలా అంది:

"నా కొడుకు పాటే నా కొడుకుని చంపిందని కాగితం మీద రాయిస్తావా, తల్లీ?"

"షేజీ బాబాని జైల్లో పెడతారు, అమ్మా."

"పెట్టనీ. బండి ఎవడు తోలాడు, నువ్వా?"

"ఆయన తలుపు విన్నాడు."

"నీకు వాడి మీద ఉన్న జాలి నా మీద లేదు. మా ఇంట్లో ఎన్నిసార్లు తిన్నావే!"

లెక్కలేనన్ని సార్లు తిన్నాను. అదే చెప్పాను. ఆవిడ గోడవైపు తిరిగింది. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. సోఫాల మీద వాన పడుతోంది. అవి ఎవరైనా లోపల పెడితే బాగుండునని దారంతా అనుకున్నాను.

ఇవాళ మంగళవారం మధ్యాహ్నం ఆ పాటని నా ఫోనులో సార్జెంట్ మఖాయే గారికి వినిపించాను. ముందు సంగతి చెప్పకుండా వినిపించాను. ఆయన పెన్ను పట్టుకుని, తల వంచుకుని విన్నారు. పాటలో అన్నీ ఆగాయి. కిర్రుమంది. ధడ్. గొలుసు. ఆయన తలెత్తి, ఎవరొచ్చారా అని గది తలుపు వైపు చూశారు. తలుపు మూసే ఉంది. ఆయన పాట ఆపమన్నారు. నేను ఆపాను. శనివారం ఆపనిది ఇవాళ ఆపాను.

ఈ పాటని మా కంపెనీ విడుదల చేయదు. పాటా, మేలో రికార్డు చేసిన చప్పుడూ ఉన్న ఫోనుని సాక్ష్యంగా ఇక్కడ అప్పగిస్తున్నాను. నన్నెవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. రాసిందంతా నేనే చదువుకున్నాను. ఒక్కచోట సార్జెంట్ గారు "తలుపు చప్పుడు లాంటిది" అని రాశారు. "లాంటిది" కొట్టేయించి, పక్కన పొడి సంతకం పెట్టాను. అది షేజీ బాబా తలుపే. మిగతాదంతా ఉన్నది ఉన్నట్టు ఉంది. దేవుడి మీద ప్రమాణం చేసి చెబుతున్నాను.

(సంతకం) జమస్వాజి డ్లూడ్లా
ఎమూవా రికార్డ్స్
జూన్ 12, 2018, కువామాషు

నా ఎదుట ప్రమాణం చేసి సంతకం పెట్టారు.
(సంతకం) సార్జెంట్ మఖాయే