తడి గిలాస

“నా కొడుకును ఒక్క మాటన్న అడిగిండ్రా? అడగకుంటనే పేరు కొట్టేస్తరా?”

గట్ల ఒర్లుకుంట వచ్చింది రాజవ్వ, మా గల్లీ ఆ కొసకెల్లి. నేను ఇంట్ల గడ్డం గీసుకుంటున్న. కత్తి జారి చెంపకు గాటు వడ్డది. ఇగో, సూడు, ఇప్పటికీ ఉన్నది. “నౌకరిల ఎన్నడన్న తప్పు జేసినవా కాకా” అని అడిగితివి గద బిడ్డా, గందుకే గా కేక కాడికెల్లి షురూ జేసిన.

అప్పుడు నేను కాగజ్‌నగర్ దిక్కు జంగ్లాత్ దఫ్తర్ల, అదే అడవి ఆఫీసుల, రాతకోతలు జేసే మున్షీని. ఉర్దూల ఏడో జమాత్ సదివిన, గంతకే మస్తు ఇజ్జత్. బీడీల కట్ట అణాకొస్తుండె, ఛాయ్ అయితే... ఆఁ, అది గాదు, నడక సంగతి గదా. అడవిల గార్డు నౌకరి కావాల్నంటె పదహారు మైళ్లు నాలుగు గంటల్ల నడవాలె. ఎనిమిది మైళ్లు పోవుడు, ఎనిమిది మైళ్లు మళ్లి వచ్చుడు. సగం కాడ, వాగు ఒడ్డున, వచ్చినోని చేతి మీద సిరా ముద్ర కొట్టాలె. గా ముద్ర నా చేతులనే ఉండె. అది లేకుంటె వాడు నడిచినట్టే గాదు.

నడిచేటోళ్లల్ల మా బామ్మర్ది పోచయ్య ఉండె. మీ చిన్నమ్మ తమ్ముడే. “సార్, నా మనిషి నడుస్తుండు, గాడ ఇంకొకల్లను పెట్టుండ్రి” అని చెప్పాల్నా వద్దా? చెప్పాలె. చెప్పలే. పైకెల్లి లోపట సంబురం.

రాజవ్వ కొడుకు లింగయ్య. మగ్గం నేసేటోళ్ల పిల్లగాడు, తండ్రి లేడు. ఆనాటి నడకల వాడూ ఉండె, కాలికి ముల్లు ఇరిగి ఎనకవడ్డడు. అందరికీ ముద్ర వడ్డది, వానికీ పోచయ్యకే పడలే. పోచయ్య మలుపు కాడ కూలవడ్డడని ముందొచ్చినోళ్లు చెప్పిండ్రు. అంబలి చెంబు పట్టుకొని అడ్డదారిన ఉరికిన. తాపిచ్చి, గా అడ్డదారిననే తోలుకొచ్చి ముద్ర కొట్టిన. అరగంట అయిందో... లే, ఎక్కువనే అయింది.

ముద్ర కొట్టినంక సూస్తె, నడిచేటోళ్లకని ఒడ్డున పెట్టిన నీళ్ల కుండ మీది మోదుగాకు పక్కకున్నది. నేను బోర్లిచ్చి పోయిన గిలాస తడితడిగ ఉన్నది. తెలిసింది బిడ్డా నాకు, లింగయ్య వచ్చి పోయిండని.

వాడు టైముకే చేరిండు, చేతి మీద ముద్ర లేదు. సాబ్ నన్నడిగితె “లింగయ్య వాగు దాక రాలే” అని రాసిచ్చిన. పని కాడ లేనంటె నా నౌకరి పోతదాయె. వాని పేరు కొట్టేసిండ్రు. ఉన్నదే ఒక్క జాగ, అది పోచయ్యకొచ్చింది.

రాజవ్వ ఊకుంటదా? గల్లీల గట్ల ఒర్లింది గప్పుడే. మగ్గం ఆపి దఫ్తర్ మెట్ల మీద కూసున్నది. ఎనిమిది రోజులకు పెద్ద సాబ్ దౌరా మీద, తనిఖీకి, వచ్చిండు. “పిల్లగాన్ని పిలువుండ్రి, వాని నోటితోని ఇందాం” అన్నడు. మరి రాసుకునుడెవలు? నేనే! ఫిర్యాదు నా మీద, కలం నా చేతుల. గప్పుడు ఎవ్వలకూ తప్పనిపియ్యలే.

“అన్న కనవడలే సార్. ఒర్లిన. మోదుగాకు తీసి గిలాసెడు నీళ్లు తాగిన. జరసేపు సూసి మళ్లిన” అన్నడు లింగయ్య. గంత జేసినా వాడు నన్ను అన్న అనే అన్నడు.

మోదుగాకు కాడ నా కలం ఆగింది.

“ఏమైంది మున్షీ?” అన్నడు పెద్ద సాబ్. “జాగ దొరికిన గా పోచయ్య నీకేమైతడు?”

మెట్ల మీదికెల్లి రాజవ్వ అందుకున్నది: “బామ్మర్ది సార్! ఊరందరికీ ఎరుకే, మీ కాయితానికే తెల్వదు!”

పెద్ద సాబ్ కలం నా చేతులకెల్లి తీసుకొని ఇంకొకల్లకిచ్చిండు. “ఇగ నువ్వు చెప్పు.” చెప్పిన, గిలాస సంగతి సుత. లింగయ్యకు నౌకరి వచ్చింది. నన్ను ఆరు నెలలు ఇంట్ల కూసోవెట్టిండ్రు.

నిజం చెప్పినవని మీ చిన్నమ్మ మెచ్చుకుంటది. ఏం మెచ్చుకునుడు? అడిగితె చెప్పిన, గంతే. వాన్ని అడగకపోతె నన్నూ అడగకపోదురు, నేను గట్లనే ముసలోన్నయిపోదును. నీకు గసొంటి కుర్సీ దొరకాలె బిడ్డా, సల్లగుండు, గని నీ మనిషి ముందటికొచ్చిననాడు లేచి పక్కకు జరుగు.

గానాడు ఇచారణ అయినంక బయటికొస్తె రాజవ్వ రొట్టెల మూట ఇప్పుతున్నది. “పొద్దటిసంది ఎవ్వలు తినలే, కూసోండ్రి. ఓ పోచిగా, కొత్త పెండ్లికొడుకు లెక్క దూరం నిలవడ్డవేందిరా, రా!”

అందరం కూసున్నం. తొలి జొన్న రొట్టె నాకే పెట్టింది. నన్ను ఒక్క మాటన్న అడగలే.